మంచుచరియల వాలులో ఒకరికొకరు: నెల్లూరు, ఒంగోలు నుంచి గుల్మార్గ్ స్కీయింగ్‌కు వెళ్ళే జట్లకు సమగ్ర మార్గదర్శి

కశ్మీర్‌లోని గుల్మార్గ్ గోండోలా, అంటే కేబుల్ కారు, రెండో అంచె మనల్ని అఫర్వత్ కొండ మీద, సుమారు 3,950 మీటర్ల ఎత్తున దింపుతుంది. ఎదురుగా గిన్నెలా కనిపించే వాలును స్కీ పెట్రోల్ వాళ్ళు, అంటే వాలుల భద్రత చూసే బృందం, చూసుకుంటారు. పొద్దున్నే మంచును పరీక్షిస్తారు, అవసరమైతే పేలుడు పెట్టి చరియను ముందే దించేస్తారు, కుదరని రోజు మూసేస్తారు. హద్దుకు కట్టిన తాడు దాటితే ఈ పనులు చేసేవాళ్ళెవరూ ఉండరు.

నెల్లూరు ట్రంకురోడ్డులో ప్రమాదం జరిగితే 108 బండి వస్తుంది. తాడు అవతల 108 అంటే మీ పక్కనున్న మనిషే. మంచు కింద పూడిపోయినవాణ్ణి 10 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దగ్గరపడేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతుంది. కింది నుంచి సహాయ బృందం రావడానికి అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ప్రాణం తీసిన చరియల్లో పదింట తొమ్మిదిని కదిలించింది ఆ బాధితుడో, అతని జట్టులోని మనిషో. కొండ తనంతట తాను మీద పడటం తక్కువ, మనమే లాక్కోవడం ఎక్కువ. అందుకే ఇక్కడ మర్యాద అంటే నమస్కారాలు కాదు. నా అడుగు మీ మీదికి ఏం తెస్తుందో చూసుకుని వేయడం, మీ ప్రాణం కాపాడగల పనితనం నా చేతిలో ఉంచుకోవడం.

మంచుకొండలు నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. సంగం మండలం గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ తుపానులో చిక్కి కన్నుమూశాడు. ఆయన తర్వాత మంచు వైపు చూసే కుర్రాళ్ళు, అమ్మాయిలు జట్టుగా ఎలా వెళ్ళాలో నేర్చుకుని వెళ్ళాలి.

ముందు జట్టు, తర్వాత టికెట్టు

ముగ్గురి నుంచి ఐదుగురు వరకు సరైన జట్టు. ఇద్దరే ఉంటే ఒకడు పూడిపోయాక వెతికేవాడు, తవ్వేవాడు, ఫోన్ చేసేవాడు అన్నీ ఒక్కడే. ఐదుగురు దాటితే మాటలు అందవు, వాలు మీద బరువు పెరుగుతుంది, ఎవరు ఎక్కడున్నారో లెక్క తప్పుతుంది. పదిమంది స్నేహితులు బయలుదేరితే రెండు జట్లుగా విడిపోండి. ఒక్కో జట్టుకు వేరే నాయకుడు, వేరే పథకం ఉండాలి.

ఈ వాలుల్లోకి రావాలంటే స్కీయింగ్ ఎంత వచ్చి ఉండాలి? ఏ రకం మంచులోనైనా పడకుండా ఆగడం, అనుకున్నచోట మలుపు తిప్పడం వచ్చి ఉండాలి. మొదటిసారి స్కీలు కట్టేవాళ్ళు గుల్మార్గ్‌లోని కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థలో కోర్సు చేసి, కింది వాలుల్లోనే సీజను గడపాలి. నలుగురిలో బలహీనుడికి తగిన వాలే ఆ రోజు వాలు. బలవంతుడికి అది చప్పగా అనిపిస్తే అతను వేరే రోజు, వేరే జట్టుతో వెళ్ళాలి.

బయలుదేరే ముందే ఒక కాగితం మీద ఒక్కొక్కరి రక్తం గ్రూపు, వాడే మందులు, ఉబ్బసం, ఫిట్స్ లాంటివి, ఇంటివాళ్ళ నంబరు, బీమా వివరాలు రాసి అందరూ ఫొటో తీసుకోవాలి. బీమా పత్రంలో హద్దు బయటి స్కీయింగ్‌కు, హెలికాప్టర్ రక్షణకు వర్తిస్తుందో లేదో చదవండి. చాలా పాలసీల్లో అది మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. జబ్బు దాచడం సిగ్గు వల్ల జరుగుతుంది. దాని భారం మిగతా ముగ్గురి మీద పడుతుంది.

సామాను: మూడు వస్తువులు, మన ఎండ

ప్రతి మనిషికీ బీకన్, ప్రోబ్, పార ఉండాలి. "జట్టుకు రెండు పారలు చాల్లే" అనే మాట ఒప్పుకోవద్దు. ఆ రెండు పారలున్నవాళ్ళే పూడిపోతే మిగిలినవాళ్ళు చేతులతో తవ్వాలి. ఆగిపోయిన చరియ మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులకు లొంగదు. పార రేకు అల్యూమినియందే ఉండాలి, ప్లాస్టిక్‌ది ఆ గడ్డల మీద విరుగుతుంది. ప్రోబ్ అంటే మడత విప్పి బిగించే పొడవాటి సన్న కడ్డీ, కనీసం 240 సెంటీమీటర్లు ఉండాలి. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే పరికరం. మామూలుగా సంకేతం పంపుతూ ఉంటుంది, వెతుకుడుకు మారిస్తే ఇతరుల సంకేతాన్ని పట్టుకుంటుంది. ఏ కంపెనీదైనా ఆ తరంగం ఒకటే కాబట్టి ఒకదానితో మరొకటి పలుకుతాయి. జాకెట్లలో కుట్టిన రెక్కో పలక బీకన్‌కు బదులు కాదు, దాన్ని పట్టే యంత్రం సహాయ బృందం దగ్గరే ఉంటుంది.

ఈ సామాను చలిదేశాల కోసం చేసినది, మన వేసవి దానికి పడదు. స్కీల అడుగున అతికించి పైకెక్కే స్కిన్స్‌కు ఉండే జిగురు 40 డిగ్రీలు దాటిన గదిలో కరిగి పాకంలా సాగుతుంది. వాటిని అట్టతో పాటు మడిచి ఇంట్లో అన్నిటికంటే చల్లని చోట ఉంచండి. కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంచినా పాడవుతాయి. బీకన్‌లోని బ్యాటరీలు సీజను అయిపోగానే తీసేయాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అవి కారి లోపలి రేకులకు పచ్చగా చిలుము పడుతుంది. తయారీదారు రీచార్జబుల్ సరేనని చెప్పకపోతే కొత్త ఆల్కలైన్‌వే వేయండి, పాతా కొత్తా కలపవద్దు.

ఉపగ్రహ ఫోన్, ఉపగ్రహ సందేశ పరికరం మన దేశంలో అనుమతి లేకుండా వెంట ఉంచుకోవడం నేరం. విదేశంలో ఉన్న బంధువు పంపించాడని సంచిలో పెట్టుకోవద్దు. జమ్మూకశ్మీర్‌లో ప్రీపెయిడ్ సిమ్‌ను నమ్ముకోవద్దు, జట్టులో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

మైపాడు ఇసుకలో సాధన

గుల్మార్గ్ చేరాక నేర్చుకుంటాంలే అనుకునేవాళ్ళే ఎక్కువ. అక్కడ చలిలో, చేతొడుగులతో, ఎత్తు వల్ల తలనొప్పితో నేర్చుకోవడం కష్టం. బీకన్ వెతుకుడుకు మంచే అక్కర్లేదు. మైపాడులోనో కొత్తపట్నంలోనో తీరపు ఇసుక, పెన్నలో ఎండిన ఇసుకమేట ఏదైనా సరిపోతుంది. తెల్లారి ఆరింటికి వెళ్ళండి. వలలు ఆరబెట్టే చోటికీ పడవలు లాగే దారికీ దూరంగా, కరెంటు తీగలు లేనిచోట 50 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు కొలుచుకోండి.

ఒక బీకన్‌ను సంకేతం పంపేలా పెట్టి, పాలిథిన్ సంచిలో చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసేయండి. స్టీలు టిఫిన్ డబ్బా పనికిరాదు, లోహం సంకేతాన్ని చెడగొడుతుంది. డబ్బా మీద వరిగడ్డి కూరిన గోనెసంచి వేసి, మోకాలిలోతు గోతిలో పెట్టి ఇసుక కప్పండి. గోనెసంచి ఎందుకంటే ప్రోబ్ మొన దిగినప్పుడు ఇసుక కరకరకూ, గడ్డి మెత్తదనానికీ తేడా చేతికి తెలియాలి. మంచు కింద మనిషి ఒళ్ళు తగిలినప్పుడు అలాగే మెత్తగా, కొంచెం తిరిగి నెట్టినట్టు ఉంటుంది. మనిషిని మాత్రం సరదాకైనా ఇసుకలో పూడ్చవద్దు.

పాతినవాడు కాక వేరొకరు వెతకాలి. ఫోన్ ఆపేయండి. బీకన్ పంపుతున్నప్పుడు ఫోన్, తాళాలు, పవర్ బ్యాంకు దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్లు. స్మార్ట్ వాచీ ఉన్న చేత్తో బీకన్ పట్టుకుంటే బాణం గుర్తు పిచ్చిగా తిరుగుతుంది. సంకేతం దొరికాక బీకన్ తెర మీద దూరం చూపే అంకె తగ్గే దిశలో నడవాలి. 10 దగ్గర వేగం తగ్గించాలి. 3 చూపగానే బీకన్‌ను ఇసుక మీదికి వంచి, తిప్పకుండా ముందుకూ వెనక్కూ, తర్వాత అడ్డంగా జరుపుతూ అన్నిటికంటే చిన్న అంకె ఉన్నచోటు పట్టాలి. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. హడావిడిలో బీకన్‌ను ఛాతీ ఎత్తున పట్టుకుంటారు, మణికట్టు తిప్పేస్తారు, అంకె అటూ ఇటూ దూకుతుంది, నిమిషాలు పోతాయి.

చిన్న అంకె దగ్గర ప్రోబ్ దించండి. తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ నత్తగుల్లలా తిరుగుతూ దించండి. తగిలాక ప్రోబ్‌ను లాగేయవద్దు, తవ్వేవాళ్ళకు అదే గురి. గడియారం చూస్తూ మొదటి సంకేతం నుంచి ప్రోబ్ తగిలేదాకా ఐదు నిమిషాల్లోపు వచ్చేవరకు జట్టులో ప్రతి ఒక్కరూ చేయాలి. నాలుగు ఆదివారాలు పడుతుంది. వదినకు రాదు, తమ్ముడు చేస్తాడులే అనుకుంటే, ఆ తమ్ముడు పూడిపోయినరోజు అతని ప్రాణం వదిన చేతిలోనే ఉంటుంది.

కొండను చదవడం

లారీ దించిన పొడి ఇసుక కుప్ప దానంతటదే నిలబడే వాలు ఇంచుమించు 33, 34 డిగ్రీలు. దాన్ని ఒకసారి కళ్ళలో నింపుకోండి. పలకగా తెగే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులోనే కదులుతాయి. స్కీయర్లకు బాగా నచ్చే వాలు కూడా అదే. కానీ ఇసుక రేణువు రేణువుగా జారుతుంది. ప్రాణాంతకమైన మంచు పాత గోడ పెచ్చు ఊడినట్టు, మీ పై నుంచి అడ్డంగా చీలి, మొత్తం పలకగా దిగుతుంది. మీరు నిలబడ్డ నేలే కదులుతుంది. అంత వెడల్పున ఎందుకు తెగుతుందంటే, సీజను మొదట్లో పడ్డ పలుచని మంచు చలికి చక్కెర పలుకుల్లా మారి అడుగున బలహీనమైన పొరగా ఉండిపోతుంది. దాని మీద కొత్త మంచు గట్టి పలకగా పేరుకుంటుంది. ఒక స్కీయర్ బరువు చాలు, ఆ పలుకులు ఒక్కసారిగా కూలడానికి.

చూడాల్సిన సూచనలు ఇవి: ఆ రోజో ముందు రోజో పక్క వాలులో దిగిన చరియ, అడుగు వేయగానే 'ధభ్' మని కిందికి కుంగిన శబ్దం, స్కీ మొన నుంచి పాకే చీలిక, ఒక రాత్రిలో 30 సెంటీమీటర్లు దాటిన కొత్త మంచు, గాలి మోసుకొచ్చి శిఖరం అవతలి వైపు దిండులా పోసిన మంచు, ఒక్కసారిగా వేడెక్కిన మధ్యాహ్నం. ధభ్ మన్న శబ్దం వింటే ఇక చర్చ లేదు, ఆ రోజు 30 డిగ్రీల కంటే తక్కువ వాలులకే పరిమితం. ఫోన్‌లోని కోణం చూపే యాప్‌ను స్కీ కర్ర మీద పెట్టి వాలు కొలవండి, కంటి అంచనా తప్పుతుంది. పై వాలు నిటారుగా ఉంటే మీరు చదునులో ఉన్నా ప్రమాదంలోనే ఉన్నట్టు. లోయ గొంతులో, కొండ అంచు మీద, చెట్ల మధ్య చిన్న చరియ కూడా చంపుతుంది. లోయ గొంతులో మంచు లోతుగా పోగుపడుతుంది.

చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ, అంటే రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మంచు విభాగం, శీతకాలంలో ఐదు స్థాయిల్లో హెచ్చరికలు ఇస్తుంది. స్థానిక స్కీ పెట్రోల్‌ను కూడా పొద్దున్నే అడగండి. మూడో స్థాయిని 'మధ్యరకం' అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు, ఐదుల్లో జనం భయపడి ఆగిపోతారు, మూడులో ధైర్యం చేస్తారు.

అనుభవం ఒక్కటే కాపాడదు. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్ ప్రాంతంలో సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కు చెందిన 17 మంది సైనికులు చరియ కింద మరణించారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలులో ఇద్దరు పోలెండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు.

'వద్దు' అనే హక్కు

మన దగ్గర పెద్దవాడి మాట కాదనం. "అన్న చూసుకుంటాడు" అని వెనక నడిచేస్తాం. మరో వైపు నుంచి "ఏందబ్బా, నెల్లూరు నుంచి ఇంత దూరం వచ్చి ఇప్పుడు వద్దంటావా?" అన్న మాట నోరు నొక్కేస్తుంది. టికెట్ డబ్బులు, సెలవులు, ఎదుటి జట్టు ముందే దిగిందన్న రోషం, ఇవన్నీ కలిసి కనిపించే సూచనల్ని కప్పేస్తాయి.

దీనికి విరుగుడు ముందే పెట్టుకున్న ఒక నియమం. జట్టులో ఎవరు 'వద్దు' అన్నా ఆ వాలు ఆగిపోతుంది. కారణం చెప్పాల్సిన పని లేదు, తర్వాత ఎగతాళి చేయకూడదు. "అన్నా, నాకు ఈ వాలు నచ్చలా" అంటే చాలు. నాయకుడు వాలు ముందు ఆగి, అందరికంటే చిన్నవాణ్ణి, కొత్తవాణ్ణి మొదట అడగాలి. తన అభిప్రాయం చివర చెప్పాలి. ముందే చెప్పేస్తే మిగతావాళ్ళు తలలూపుతారు. గైడు ఉన్నా ఈ నియమం మారదు. గైడు నిర్ణయించేది వెళ్ళే దారిని, అంతేకానీ గైడు ఉన్నాడని మీ అనుమానం మింగేయకూడదు. గైడుకు, సామాను మోసే మనిషికి కూడా బీకన్ ఇవ్వండి. మీ కోసం ఆ వాలులోకి వచ్చినవాడు మీలో ఒకడే.

పొద్దున గుమ్మం దగ్గర

హోటల్ మనిషికి ఏ వాలుకు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో, రాకపోతే ఎవరికి చెప్పాలో రాసి ఇవ్వండి. సముద్రమట్టం నుంచి వచ్చిన ఒళ్ళు కాబట్టి మొదటి రెండు రోజులు కిందే ఉండి ఎత్తుకు అలవాటు పడండి.

బీకన్ పరీక్ష ప్రతి రోజూ, మినహాయింపు లేకుండా చేయాలి. నాయకుడు వెతుకుడులో పెట్టి నిలబడితే మిగతావాళ్ళు పది అడుగుల ఎడంతో ఒక్కొక్కరే దాటాలి, ప్రతి ఒక్కరి సంకేతం వినిపించాలి. తర్వాత నాయకుడు పంపడంలోకి మారితే మిగతావాళ్ళు వెతుకుడులో పెట్టి అతన్ని పట్టాలి. చివరికి అందరూ పంపడంలోకి మారారని పైకి చెప్పాలి. బీకన్ ఒంటికి కట్టుకుని, పై జాకెట్ లోపల ఉంచాలి. సంచిలో పెడితే చరియ సంచిని ఊడబీకి వేరేచోట పారేస్తుంది. తిరిగి గది చేరేదాకా ఆపవద్దు.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

ఎక్కేదారి మరో జట్టు దిగే వాలు కింద నుంచి వేయకండి. అనుమానపు వాలు అడ్డంగా దాటాల్సివస్తే ఒక్కొక్కరే దాటాలి. స్కీ కర్రల పట్టీలు మణికట్టు నుంచి తీసేయాలి, ఎందుకంటే చరియలో అవి లంగరుల్లా లోపలికి లాగుతాయి. భోజనానికి, ఫొటోకు పెద్ద వాలు పాదం దగ్గర కూర్చోవద్దు. గట్టు మీదో, దట్టమైన పాత చెట్ల వెనకో ఆగండి.

దిగేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు. ఈ ఒక్క నియమం పాటిస్తే చరియ వచ్చినా పూడిపోయేది ఒక్కడే, వెతికేవాళ్ళు ముగ్గురు మిగులుతారు. ఎక్కడ ఆగాలో మొదటివాడు దిగకముందే వేలు పెట్టి చూపించుకోవాలి. ఆ చోటు వాలు నుంచి పక్కకు ఉండాలి, నేరుగా కింద కాదు. దిగేవాడి మీద పైనవాళ్ళ చూపు ఉండాలి. సంచిలో నీళ్ళు వెతుక్కోవడం, వీడియో తీసుకోవడం తర్వాత. అతను చోటు చేరి రెండు చేతులూ పైకెత్తాకే రెండోవాడు కదలాలి. అందరికంటే ఆఖరున సామర్థ్యం ఉన్నవాడు రావాలి, కింద పడినవాడి దగ్గరికి పై నుంచి దిగి రాగలిగేది అతనే. కిందివాళ్ళు కొండ ఎక్కి వచ్చేసరికి ప్రాణం పోతుంది.

మీ కింద వేరే జట్టు ఉంటే ఆగండి. "మాకు టైమ్ అయిపోతోంది" అన్నది కారణం కాదు. మీరు కదిలించిన చరియ వాళ్ళ మీద పడుతుంది, వాళ్ళకు ముందే తెలియదు. ఒకరికొకరు కేకేసుకుని ఎవరు ముందో, ఎటు వైపో తేల్చుకోండి. పక్క జట్టుకు మీరు విన్న ధభ్ శబ్దం, చూసిన చీలిక చెప్పండి. వాలు మీద ముందు పడ్డ గీతలు చూసి భద్రం అనుకోవద్దు, పదో స్కీయర్ బలహీనమైన చోటు తొక్కవచ్చు. మీరు వేసే గీత కూడా వెనక వచ్చేవాణ్ణి పిలుస్తుంది, అది గుర్తుంచుకుని వేయండి. మూసిన గేటు, తాడు కింద దూరి వెళ్ళడం పెట్రోల్ వాళ్ళ ప్రాణాలకు ఎసరు పెట్టడం.

చరియ దిగితే

"చరియ!" అని గట్టిగా అరిచి, పూడిపోయేవాణ్ణి ఆఖరుసారి ఎక్కడ చూశారో ఆ చోటి నుంచి కన్ను తిప్పకండి. పై నుంచి ఇంకొకటి దిగేలా ఉందా చూడండి. ఒకరు నాయకత్వం తీసుకుని, ఎంతమంది కనబడటం లేదో లెక్కపెట్టాలి. పూడిపోకుండా మిగిలిన ప్రతి ఒక్కరూ బీకన్‌ను వెతుకుడుకు మార్చాలి. ఒక్కడు మరిచిపోయి పంపుతూ ఉంటే అందరూ అతని వైపే పరిగెడతారు. ముగ్గురో ఎక్కువో ఉంటే ఒకరు వెంటనే 112కు, స్కీ పెట్రోల్‌కు ఫోన్ చేయాలి. ఒక్కరే మిగిలితే ముందు వెతకాలి.

ఆఖరుగా చూసిన చోటు నుంచి కిందికి, చరియ వెడల్పు మొత్తం 40 మీటర్ల ఎడంతో అడ్డంగా తిరుగుతూ దిగండి. మంచు మీద కనిపించే చేతొడుగు, స్కీ మొన లాగి చూడండి. సంకేతం దొరికాక ఇసుకలో చేసిన సాధనే. ప్రోబ్ తగిలాక దాని మీద నిలబడి గుంట తవ్వవద్దు. కింద ఉన్నవాడికి ఊపిరాడే కాస్త ఖాళీ నలిగిపోతుంది. ప్రోబ్ ఎంత లోతు దిగిందో దానికి ఒకటిన్నర రెట్లు కిందికి, వాలు దిగువన మొదలుపెట్టి అడ్డంగా లోపలికి తవ్వాలి. ముందువాడు కోసి వెనక్కి తోస్తే వెనకవాళ్ళు తెడ్డు వేసినట్టు కిందికి నెట్టాలి. నిమిషం, రెండు నిమిషాలకోసారి ముందువాడు మారాలి. ముఖం, ఛాతీ ముందు బయటపడాలి. నోట్లో మంచు తీసి, ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదండి, ఆ తర్వాత ఛాతీ నొక్కండి. బతికి బయటపడ్డవాణ్ణి కుదపకండి, పొడి బట్టలు కప్పి పడుకోబెట్టండి.

వేరే జట్టు మీద చరియ పడితే మీ రోజు అక్కడితో ఆగిపోయినట్టే. వెళ్ళి వాళ్ళ నాయకుణ్ణి "ఏం చేయమంటారు?" అని అడిగి, చెప్పింది చేయండి.

దిగి వచ్చాక

చరియ కదిలి ఎవరికీ ఏమీ కాకపోయినా స్కీ పెట్రోల్‌కు చెప్పండి. లేకపోతే దూరం నుంచి చూసిన ఎవరో సమాచారం ఇస్తే, లేని మనిషి కోసం వాళ్ళు ప్రమాదపు వాలులోకి వెళ్తారు. ఏ వాలు, అది ఏ దిక్కుకు ఉంది, ఎంత లోతున తెగిందో చెబితే రేపటి జట్లకు పనికొస్తుంది. ప్రమాదం జరిగితే ఇంటివాళ్ళకు చెప్పకముందే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు.

రాత్రి టీ తాగుతూ పావుగంట మాట్లాడుకోండి. ఎక్కడ భయమేసింది, ఎక్కడ అదృష్టం కలిసొచ్చింది, ఎవరి మాట వినిపించుకోలేదు. ఇందులో వయసు, చనువు అడ్డురాకూడదు.

నెల్లూరు చేరాక స్కిన్స్ నీడలో ఆరబెట్టి అట్ట వేసి మడవండి. ప్రోబ్, పార తుడిచి ఆరనివ్వండి. బీకన్ బ్యాటరీలు తీసి, తీసిన తేదీ చీటీ మీద రాసి డబ్బాలోనే పెట్టండి. వచ్చే నవంబరులో మళ్ళీ మైపాడు ఇసుకలోకి వెళ్ళేటప్పుడు ఆ చీటీ చూసుకుని కొత్తవి వేయవచ్చు.